కొట్టేసిన వరుస

పెద్దబాబా పోయారని ఆయన కూతురు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపింది. అప్పుడు నేను మస్కట్‌లోని హమ్రియాలో మా కుట్టు దుకాణంలో ఒక అబాయాకి అంచు వేస్తున్నాను. ఆమె గొంతు విని చాలా ఏళ్లయింది. అయినా మొదటి మాటకే గుర్తుపట్టాను. నాన్న పోయారు, మూడు రోజులు ఇంట్లోనే ఉంటాం, రాగలిగితే రా అని చెప్పింది, అంతే. మర్నాడు పొద్దున్నే నిజ్వా బస్సెక్కాను. ఆ ఇంట్లో ఆడవాళ్లంతా గోడల వెంబడి వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ పైకి ఏడవడం లేదు. ఖర్జూరాలు, కహ్వా కాఫీ కప్పులు చేతులు మారుతున్నాయి. ఆయన కూతురు, మా మేడమ్, లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె జుట్టు నెరిసింది. పక్కనున్న ముసలావిడ నేనెవరని అడిగితే, ఇంట్లో పనిచేసేదని చెప్పొచ్చు, అది నిజమే. కానీ మేడమ్, "నాన్నకి కొలతలు రాసిపెట్టేది" అంది. ఏం కొలతలని ఆ ముసలావిడ అడగలేదు. తిరుగుబస్సులో కొండలు దాటి మస్కట్ వచ్చేదాకా నేను ఆ కొలతల గురించే ఆలోచించాను.

నేను ఒమాన్ వచ్చిన కొత్తలో సంగతి. మాది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర నేతపని చేసే ఇల్లు. మగ్గం ఆగిపోయాక, పదో తరగతి చదువుతో, ఇరవై నాలుగేళ్ల వయసులో ఇంటిపని వీసా మీద వచ్చాను. ఏజెంటు నన్ను నేరుగా నిజ్వాలో ఈ ఇంటికి చేర్చాడు. ఇంట్లో ముగ్గురే. పెద్దబాబా, అంటే ఇంటి పెద్ద; సైన్యంలో తుపాకీ పేల్చడం నేర్పే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన కూతురు, బడిలో టీచరు, ఆమెను నేను మేడమ్ అనేదాన్ని. మేడమ్ భర్త వారానికి రెండు రోజులు మాత్రం మస్కట్ నుంచి వచ్చేవాడు. పెద్దబాబా పటాలంలో బలూచీ సిపాయిలతో ముప్ఫై ఏళ్లు గడపడం వల్ల ఉర్దూ బాగా మాట్లాడేవారు. నాకు హిందీ అంతంతమాత్రం. అయినా ఆయన మాట నాకూ, నా మాట ఆయనకీ అర్థమయ్యేది. నా పేరు రమణమ్మ. ఆయన రమణా అనేవారు.

ఆ ఇంట్లో పొద్దు ఏలకుల వాసనతో మొదలయ్యేది. నేను లేచేసరికే పెద్దబాబా నమాజు ముగించుకుని వంటగది గట్టు మీద కహ్వా కాచుకుంటూ ఉండేవారు. ఆ ఒక్క పని మాత్రం నన్ను చెయ్యనిచ్చేవారు కాదు. తర్వాత సాంబ్రాణి కుంపటి గదిగదికీ తిప్పేవారు. మా ఊళ్లో శుక్రవారం మాత్రమే వచ్చే వాసన అక్కడ రోజూ వచ్చేది. మధ్యాహ్నం అన్నంలో ఎండు నిమ్మకాయలు పడాలి, చేప మీద మసాలా ఎక్కువ కాకూడదు. ఇవన్నీ నెలలో నేర్చుకున్నాను. ఆయన గుణం తెలుసుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది. ఆయన ఏ వస్తువునీ దాని మీద రాసిన మాటను బట్టి నమ్మేవారు కాదు. కొత్త బకెట్ కొంటే నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఎండలో పెట్టేవారు. పిండి బస్తా ఇంటికొచ్చాక మళ్లీ తూచేవారు. కుట్టు దారం నేను రంగు చూసి కొంటే, ఆయన మూరెడు తుంపి, తడిపి, రెండు చేతులతో లాగి చూసేవారు. మొదట్లో ఇది పీనాసితనం అనుకున్నాను. కాదు. దారం తెగితే ఆయనకు కోపం వచ్చేది కాదు, తృప్తిగా ఉండేది. చూశావా, తెగింది, అనేవారు.

ఊరి బయట, కొండ కింద ఆయనకొక ఖర్జూరపు తోట ఉండేది. అక్కడ మేకలు, కాస్త గడ్డి, పారే కాలువ నీళ్లు. తోట చూసుకునేది లింగన్న. జగిత్యాల వైపు మనిషి. మొదట ఏదో కంపెనీలో కట్టడం పనికి వచ్చి, అది మూతపడ్డాక ఇక్కడికి చేరాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను తెలుగు మాట్లాడడం మొదటిసారి విన్నప్పుడు చేతిలో పార పక్కన పెట్టి, "ఏ ఊరు చెల్లె?" అని అడిగాడు. ఆ తర్వాత తోటకి వెళ్లినప్పుడల్లా లింగన్న కోసం ఒక డబ్బాలో చింతపండు పులుసు తీసుకెళ్లేదాన్ని.

ఒక చలికాలం కొండ వైపు నుంచి కుక్కలు రావడం మొదలుపెట్టాయి. వరసగా మేక పిల్లలు పోయాయి. పెద్దబాబా దగ్గర లైసెన్సు ఉన్న పిస్తోలు ఒకటి ఇనుప పెట్టెలో ఉండేది. దాంతో కుక్కల్ని కొట్టాలని అనుకున్నారు. అయితే తోటలో మనుషులు తిరుగుతూ ఉంటారు, మామూలు తూటా కుక్కలోంచి దూసుకుపోయి ఎవరికైనా తగలొచ్చు అని ఆయన భయం. అందుకని వేరే రకం తూటాలు తెప్పించారు. వాటి ముక్కు దగ్గర చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఆ గుంట విచ్చుకుని, తూటా వెడల్పై, లోపలే ఆగిపోతుందని డబ్బా మీద రాసి ఉంది. డబ్బా మీద రాసి ఉంది కాబట్టి ఆయన నమ్మలేదు.

మాంసం బదులు జెలటిన్ దిమ్మ మీద కాల్చి చూడాలని ఆయనకు తెలుసు. పటాలంలో చూశారట. జెలటిన్ అంటే కేకులవాళ్లు జెల్లీకి వాడే పొడి. అది ఆవు ఎముకల నుంచి తీస్తారని ఆయనే చెప్పారు. పండగకి హరీస్ వండే పెద్ద గిన్నెలో దాన్ని కాచే పని నాకు పడింది. మొదటిసారి మొహం పక్కకి తిప్పుకుని కలిపాను. కాళ్ల పులుసు మాడినట్టు ఒక వాసన వంటగదంతా పట్టేది. మేడమ్ బడి నుంచి వచ్చి ముక్కు మూసుకుని కిటికీలు తెరిచేది. కాచినదాన్ని పొడవాటి ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. ఆ రెండు రోజులూ కూరగాయలకి, పాలకి చోటు ఉండేది కాదు. రెండోసారి, మూడోసారి కాచేటప్పుడు నేను మొహం తిప్పుకోలేదు. పెరుగు తోడుకుందా లేదా అని వేలితో తట్టి చెప్పినట్టే, దిమ్మ గట్టిపడిందా లేదా అని తట్టి చెప్పగలిగే దాకా వచ్చాను.

శుక్రవారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఐసుపెట్టెలో దిమ్మ పెట్టుకుని తోటకి వెళ్లేవాళ్లం. ఎత్తైన మట్టిగట్టు ముందు ఇసక బస్తాలు, బస్తాల ముందు బల్ల మీద దిమ్మ. లింగన్న మేకల్ని దూరంగా తోలి వచ్చి మా వెనక నిలబడేవాడు. పెద్దబాబా చెవులకి మూత పెట్టుకుని, మాకూ ఇచ్చి, ఒకసారికి ఒక్క తూటానే కాల్చేవారు. దిమ్మ ఒక్కసారి ఊగేది. తర్వాత నేను వెళ్లి నా కుట్టు టేపుతో తూటా ఎంత లోతు దిగిందో కొలిచి, చాకుతో కోసి దాన్ని బయటికి తీసి, నోటు పుస్తకంలో రాసేదాన్ని. పుస్తకం అంతా తెలుగే. మొదటి రోజు పది తూటాలూ బాగా విచ్చుకున్నాయి. అరచేతిలో పెట్టుకుంటే చిన్న రాగి పువ్వుల్లా ఉన్నాయి. పెద్దబాబా వాటిని చూసి సంతోషించలేదు. కుక్కకి బొచ్చు ఉంటుంది కదా, అన్నారు. మరుసటి శుక్రవారం లింగన్న పాత జీన్స్ ప్యాంటు నాలుగు మడతలు చేసి దిమ్మకి కట్టాం.

ఆరు కాల్చారు. ఐదు విచ్చుకున్నాయి. ఒకటి విచ్చుకోలేదు. దిమ్మంతా దాటి వెనక ఇసక బస్తాలోకి పోయింది. లింగన్న ఇసకంతా జల్లించి తీశాడు. దాని గుంటలో నీలం దారపు పోగులు కూరినట్టు నిండి ఉన్నాయి. దూది కుక్కిన చెవిలా ఉంది. నేను పుస్తకంలో రాశాను. పెద్దబాబా ఆ తూటాని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. తర్వాత ఎండకి దిమ్మ మెత్తబడి ఉంటుంది, అది లెక్కలోకి రాదు, ఆ వరుస కొట్టేయమన్నారు. దిమ్మ మెత్తబడలేదు. కొలిచేటప్పుడు నేను చెయ్యి పెట్టి చూశాను, ఇంకా చల్లగా, గట్టిగానే ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయన తుపాకీ గురించి ముప్ఫై ఏళ్లు నేర్పిన మనిషి, నేను వంట చేసేదాన్ని. కొట్టేశాను. ఒక్క గీతే గీశాను, కింద రాసింది చదవడానికి వీలుగానే ఉంది. దారం తెగితే తృప్తిపడే మనిషి ఆ రోజు ఎందుకలా అన్నారో ఇప్పటికీ చెప్పలేను. కుక్కలు ఆ వారంలోనే మరో రెండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. ఆయన తొందరలో ఉన్నారు. అంతే అయి ఉంటుంది.

పది రోజుల తర్వాత ఒక పొద్దున నేను తోటలో ఖర్జూరపు మట్టలు ఏరుతున్నాను. కుక్క ఒకటి మేకల దొడ్డిలో దూరింది. బక్కది, పసుపు రంగుది, మెడ చుట్టూ దట్టమైన బొచ్చు. పెద్దబాబా పిస్తోలు తీసుకుని వచ్చారు. లింగన్న ఎక్కడని నన్ను అడిగారు. నేను చూసినప్పుడు బావి దగ్గర ఉన్నాడు, అదే చెప్పాను. ఆయన దొడ్డి పక్క నుంచి వెళ్లి, కుక్క అడ్డంగా తిరిగి నిలబడ్డ క్షణంలో కాల్చారు. కుక్క పడిపోయింది. మట్టల దడి వెనక నుంచి ఎవరో కూర్చున్నట్టు చిన్న చప్పుడు. తర్వాత లింగన్న గొంతు, పెద్దగా కాదు, "చెల్లె, నాకు తాకింది" అని. కాలువ నీళ్లు మళ్లించడానికి ఎప్పుడు వచ్చాడో దడి వెనకకి వచ్చి ఉన్నాడు. మోకాలి కింద ఎముకలో దిగింది. నేను నా చున్నీ తీసి బిగించి కట్టాను. పెద్దబాబా పిస్తోలు ఖాళీ చేసి కారులో పెట్టి, లింగన్నని తన భుజం మీద వేసుకుని మోశారు. అప్పుడాయనకి అరవై ఎనిమిదేళ్లు.

ఆసుపత్రిలో డాక్టరు తూటాని తీసి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోలీసులకి ఇచ్చాడు. పెద్దబాబా నన్ను పిలిచి చూపించారు. అది విచ్చుకోలేదు. గుంట నిండా పసుపు బొచ్చు. ఆయన నా మొహంలోకి చూశారు, నేను నేలకేసి చూశాను. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటేనని తెలుసు. పోలీసులకి కబురు చేసింది కూడా ఆయనే. పిస్తోలు, లైసెన్సు, తూటాల డబ్బా, నా నోటు పుస్తకం అన్నీ తీసి ఆయనే ఇచ్చారు. నేను పరీక్షించి చూశాను, లోపలే ఆగుతుందనుకున్నాను, పుస్తకంలో ఉంది చూసుకోండి అని చెప్పారట. పుస్తకం తెలుగులో ఉండడంతో అధికారి, రాసినామె చేతే చదివిస్తానని మర్నాడు ఇంటికి వచ్చాడు.

అధికారి వచ్చేముందు మేడమ్ వంటగదిలోకి వచ్చి తలుపు వేసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని జావ తాగించిన మనిషి. అంకెలు చదివితే చాలు, కొట్టేసింది కొట్టేసినట్టే, అది చదవనక్కర్లేదు అంది. ప్రమాదమైతే ఒక రకం కేసు, దాటిపోతుందని తెలిసీ కాల్చారంటే ఇంకో రకం అని కూడా చెప్పింది. లింగన్న చెప్పకుండా దడి వెనకకి ఎందుకు వెళ్లాడు, తప్పు అతనిది కాదా అని ఇంట్లో అప్పటికే ఒక మాట తిరుగుతోంది. అది కూడా నాకు తెలుసు. నేను గిన్నె కడుగుతూ ఉన్నాను.

ముందు గదిలో అధికారి, పెద్దబాబా ఎదురెదురుగా కూర్చున్నారు. మేడమ్ గుమ్మం దగ్గర. నేను నిలబడే చదివాను. మొదటి రోజు పది, తేదీ, లోతు, విచ్చుకుంది, విచ్చుకుంది అంటూ హిందీలో చెప్పుకుంటూ పోయాను. పెద్దబాబా అరబ్బీలో మళ్లీ చెబుతున్నారు. రెండో రోజు ఐదు అయ్యాయి. ఆగాను. గీత గీసిన దాని మీద వేలు పెట్టి అదేమిటని అధికారి అడిగాడు. రాసేటప్పుడు తప్పు పడిందని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ గదిలో తెలుగు చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. పెద్దబాబా నా వైపు చూడలేదు. కహ్వా కప్పు చేతిలో అలాగే ఉంది.

"చదువు రమణా. ఏం రాశావో అదే చదువు" అన్నారు.

"ఆరోది, గుడ్డ నాలుగు మడతలు. విచ్చుకోలేదు. గుంటలో దారం. దిమ్మ దాటిపోయింది" అని చదివాను. ఎందుకు కొట్టేశావని అధికారి అడిగాడు. నేను నోరు తెరిచేలోపు, నేనే కొట్టేయమన్నాను అని ఆయనే చెప్పారు. అది ఆయన అరబ్బీలో అన్నారు. నాకు అప్పటికి ఆ మాత్రం అరబ్బీ వచ్చు.

కేసు నడిచింది. పిస్తోలు తిరిగి రాలేదు, లైసెన్సు పోయింది. తప్పు నాదని ఆయన ఒప్పుకోవడం వల్లా, నాకు ఆయన మీద పగ లేదని లింగన్న చెప్పడం వల్లా జైలు లేకుండా పోయింది. లింగన్నకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. అన్ని రోజులూ పెద్దబాబా ఆసుపత్రికి రోజూ కహ్వా తీసుకెళ్లి మంచం పక్కన కూర్చునేవారు. ఒకసారి నేను వెళ్లినప్పుడు లింగన్న ఒక్కడే ఉన్నాడు. ఆ గీత నేను గీయకుండా ఉండాల్సింది గదన్నా అన్నాను.

"గా జెల్లి దిమ్మ మూరెడు పొడుగుండె చెల్లె. కుక్క అడ్డం జానెడు గూడ లేదు. గుండు పువ్వు లెక్క అయినా గాకున్నా అవుతలికి ఒస్తుండె" అన్నాడు. "అన్ని కొలిసిన్రు గని, కుక్కను ఎవ్వలు కొలవలే."

అది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నాడో తెలియదు. నేతపని ఇంట పుట్టినదాన్ని, మూరకీ జానకీ తేడా తెలిసినదాన్ని. నాకెందుకు తట్టలేదా అని మాత్రం అనుకున్నాను.

మేడమ్ నాతో మాట్లాడడం మానేసింది. తిట్టలేదు. వంట గురించి కూడా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేది. రెండు నెలలు అలా గడిచాక నేనే వేరే చోటుకి పంపమని పెద్దబాబాని అడిగాను. పాస్‌పోర్టు, వదిలేస్తున్నట్టు రాసిన కాగితం ఆయనే తెచ్చి ఇచ్చారు. నన్ను ఆయన ఆ రోజు మొదటిసారి బింతీ అన్నారు, అంటే బిడ్డా అని. నువ్వు చదివినందుకు మేడమ్ కోపంగా ఉంది, నాకు దానికి కోపం లేదు, అన్నారు. తర్వాత అన్నారు: "దిమ్మ గట్టిగా ఉందని నీకు తెలుసు. నీ చెయ్యి దాని మీదే ఉంది. నేను కొట్టేయమంటే కొట్టేశావు. నాకు దానికే కోపం."

ఆ మాట నన్ను చాలా ఏళ్లు సలిపింది. మొదట్లో ఆయన చెప్పింది న్యాయమే అనిపించి సిగ్గుపడ్డాను. హమ్రియాలో గదికి ఆరుగురం ఉన్న రోజుల్లో, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటకి ఎదురు చెప్పడమంటే ఏమిటో తెలిసిన ఆడవాళ్ల మధ్య, అది అన్యాయంగా కనిపించింది. వంటమనిషి కాదంటుందని ఏ యజమాని ఎదురుచూస్తాడు? ఇప్పుడు నా దుకాణంలో నేను చెప్పిన కొలత తప్పయితే, పక్కన కుట్టే గోదావరి జిల్లా ఆమె అక్కా తప్పు అని మొహం మీదే చెప్తుంది. నాకు ఒక్క క్షణం చురుక్కుమంటుంది. మళ్లీ కొలుస్తాను. అప్పట్లో నేను అలా అని ఉంటే పెద్దబాబా మళ్లీ కొలిచేవారా? దారం తుంపే మనిషి కొలిచే ఉండేవారని ఒక రోజు అనిపిస్తుంది. రెండు మేక పిల్లలు పోయిన కోపంలో నన్ను కసిరి ఉండేవారని ఇంకో రోజు అనిపిస్తుంది. ఆయన బతికి ఉండగా వెళ్లి అడగలేదు. నిజ్వాకి బస్సు రోజూ ఉంది.

పరామర్శ నుంచి తిరిగొచ్చి మస్కట్‌లోని రూవీలో బస్సు దిగి, గదికి వెళ్లకముందే లింగన్నకి ఫోన్ చేశాను. కాలికి దెబ్బ తగిలాక ఇంకో రెండేళ్లు అదే తోటలో కుంటుతూ పనిచేసి ఊరెళ్లిపోయాడు. ఇప్పుడు కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు.

"పెద్దబాబా పోయినాడన్నా. నిద్దర్లోనే పోయినాడంట."

"మంచిగ పోయిండు" అన్నాడు లింగన్న. మేడమ్ ఎట్లుంది, తోట ఎవరు చూస్తున్నారు అని అడిగాడు. తెలిసినంత చెప్పాను. కాలు ఎట్లుండాదన్నా అంటే, చలికాలం గుంజుతది, మిగతాప్పుడు బాగనే ఉంటది అన్నాడు. ఊళ్లో వాళ్లు అడిగితే ఏం చెప్తావన్నా అని ఎందుకో అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"మొదట్ల నిజమే చెప్పిన. కుక్కను కొడితే నాకు తాకిందంటే నవ్విన్రు. గల్ఫుల ఏం తప్పు జేసి కాల్పిచ్చుకున్నవో అన్నరు. గందుకే బండి మీదికెల్లి కింద పడ్డనని చెప్త."

"వదినెకు తెలుసు గదా?"

"ఆమెకెర్కనే. గని ఆమె గూడ బండే అంటది."

ఇప్పుడు ఆయన కూడా పోయినాడు గదా, ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు గదన్నా అన్నాను. లింగన్న నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు.

"ఇప్పుడేం జెప్పాలె చెల్లె. ఊర్ల ఆ బండి రంగు గూడ చెప్తరు."

ఏం రంగన్నా అని అడిగాను.

"ఎర్రది" అన్నాడు.